అటక మీద చేమంతులు

ఇంతకుముందు నేను ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు అటూ ఇటూ వంగితే పిల్లలు నవ్వుకోండి, పెద్దలు సర్దుకోండి. కథ మాత్రం తిన్నగా చెబుతాను.

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి రాజుగారూ ఉన్నారు, రాణిగారూ ఉన్నారు. అయితే ఈ కథ వాళ్ళది కాదు. వాళ్ళ కోటలో దీపాలు వెలగడానికి నూనె ఏ ఊరి నుంచి వెళ్ళేదో, ఆ ఊరిది.

ఆ ఊరి పేరు గానుగపేట. ఏటి ఒడ్డున ఉండేది. అక్కడ గవరయ్య అనే ఆయన నువ్వులు గానుగాడించి బతికేవాడు. ఆయనకు ఉన్నవి ఒక గానుగ, ఒక ముసలి ఎద్దు, తల్లి లేని ఒక కూతురు. ఎద్దు నుదుటిమీద తెల్లమచ్చ ఉండేది, అందుకని దాన్ని మచ్చన్న అనేవారు. కూతురి పేరు పైడి. పైడి అప్పుడప్పుడే నడక నేర్చే వయసులో గవరయ్య రెండో పెళ్ళి చేసుకున్నాడు. అలా ఆ ఇంటికి వచ్చినావిడ వరాలు.

వరాలుది కొండమీద మబ్బులగూడెం. అక్కడ మబ్బు ఆకాశంలో ఉండదు. గుమ్మం దాటి లోపలికొచ్చి చుట్టంలా కూర్చుంటుంది. చలికాలం వచ్చిందంటే కొండగాలి చెంపల మీద గీరినట్టు ఉంటుంది. పెదవులు పగులుతాయి, బుగ్గలు బీటలు వారతాయి. అయినా వరాలు బుగ్గ ఏనాడూ బీటవారలేదు. వాళ్ళమ్మ ముఖనూనె కాచేది మరి.

కాచేది అన్నానే గాని, పొయ్యి మీద పెట్టి కాచేది కాదు. చేమంతి రేకులు, మరువం, కస్తూరి పసుపు కొమ్ము ఒకటి, ఇవన్నీ నువ్వుల నూనెలో వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టి, నీరెండ ఎక్కడ పడితే అక్కడికి ఆ జాడీని జరుపుతూ ఉండేది. పువ్వులోని గుణమంతా నిదానంగా నూనెలోకి దిగేది. తెల్లవారగానే ఆ నూనె రెండు బొట్లు అరచేతిలో వేసుకుని, అరచేతులు రుద్ది వెచ్చచేసి, వరాలు ముక్కుకి, బుగ్గలకి, గడ్డానికి అద్దేది. ఆ చేతుల వాసన మధ్యాహ్నం దాకా వరాలు వెంటే ఉండేది.

అత్తవారింటికి పంపుతూ అమ్మ ఆ నూనె ఒక చిన్న జాడీ నిండా పోసి ఇచ్చింది. ఆ ఏడే ఏరు పొంగి దారులు మూసుకుపోయాయి. నీళ్ళు తీసి దారి పడేలోపల అమ్మ పోయింది. వరాలుకి కబురు అందేసరికి అక్కడ ఇల్లు కూడా లేదు.

ఇక వరాలుకి మిగిలింది ఆ జాడీ ఒకటే.

మొదట్లో చలికాలం వస్తే ఒక బొట్టు రాసుకునేది. తరవాత తరవాత రాసుకోవడమూ మానేసింది. జాడీ అడుగున కాస్త మిగిలితే, గుడ్డలో చుట్టి, కావిడిపెట్టెలో పెట్టి తాళం వేసింది. మనసు బాగోలేనప్పుడు పెట్టె తెరిచి, జాడీని గుండెకి ఆనించుకుని మళ్ళీ పెట్టేసేది. మూత తీసేది కాదు. తీస్తే వాసన తగ్గిపోతుందని భయం.

పైడికి ఆమె ఏ లోటూ చేయలేదు. వేళకి అన్నం పెట్టేది, చిక్కు తీసి జడ వేసేది. కానీ జడ వేస్తున్నంతసేపూ కళ్ళు కొండవైపే ఉండేవి. పిల్లలకి ఇలాంటివి ఎవరూ చెప్పనక్కర్లేదు. పైడి తన పని తాను చేసుకుంటూ, ఈమె నీడలో కొంచెం పక్కగా తిరుగుతూ పెరిగింది.

ఏళ్ళు గడిచాయి. ఒక ఏడు చలి మామూలుగా రాలేదు. ఏటి గాలికి గానుగ రోలు కూడా పగులుతుందేమో అన్నట్టుంది. పైడి బుగ్గలు ఎండిన చెరువులా బీటలు వారాయి. నవ్వితే చర్మం చిట్లి నెత్తురు చిమ్మేది. అందుకని పైడి నవ్వడం మానేసింది.

నూనె ఆడించే ఇంట్లో నూనెకి కరువా అంటారేమో. గవరయ్య రోజూ పచ్చి నువ్వుల నూనె పట్టించేవాడు. అది ముఖాన జిడ్డుగా కారేది. వీధిలోకి వెళ్తే తోటిపిల్లలు "తెలగపిండి వచ్చిందర్రోయ్, జరగండి, అంటుకుంటుంది" అని, నూనె తీశాక మిగిలే పిప్పితో పోల్చి ఎకసెక్కాలాడేవారు. పైడి ఏటికి పోయి ఇసకతో ముఖం తోముకుని వచ్చేది. దాంతో మరింత మండేది.

ఒకరోజు వరాలు పెట్టె తెరిచి ఉండగా పైడి వాకిట్లో నిలబడి చూసింది. చాలాసేపు నిలబడి, మెల్లగా అడిగింది.

"పిన్నీ, ఆ జాడీలోది ముఖానికేనా?"

వరాలు గబుక్కున మూటకట్టేసింది. "కాదు. ఇది ముఖానికి రాసేది కాదు" అంది.

పైడి వెళ్ళి మచ్చన్న పక్కన కూర్చుంది. ఎద్దు ఊపిరి వెచ్చగా ఉంటుంది కదా, దానికి బుగ్గ ఆనించింది.

అబద్ధం చెప్పాక వరాలుకి అన్నం సయించలేదు. పిల్ల ముఖం చూస్తే జాలి వేస్తోంది, జాడీ ముట్టుకోవాలంటే ప్రాణం ఒప్పుకోవడం లేదు. ఆలోచించి ఆలోచించి, కొత్తగా నూనె చేద్దాం, అది పిల్లకి రాద్దాం, పాతది పాతదిగానే ఉంటుంది అనుకుంది. లోపల ఇంకో ఆశ కూడా ఉంది. చేస్తే ఆ వాసన మళ్ళీ వస్తుందేమోనని.

కార్తీకంలో మొదటి జాడీ పెట్టింది. పెరటి చేమంతులు తెల్లవారుతూనే కోసింది. మంచు ఇంకా రేకుల మీదే ఉంది. చూడముచ్చటగా ఉన్నాయని అలాగే నూనెలో వేసేసింది. కొన్నాళ్ళకి మూత తీస్తే పైన తెల్లగా బూజు తెట్టు కట్టింది. నూనెలో నీటిచుక్క పడితే ఇంకేముంది. అమ్మ రేకులు ఆరబెట్టేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడ ఆరబెట్టేదో మాత్రం గుర్తు రాలేదు. చిన్నప్పుడు ఆటల ధ్యాసలో ఎవరు చూశారు.

మార్గశిరంలో రెండో జాడీ. ఈసారి రేకులు వసారాలో నీడపట్టున ఆరబోసి, అప్పడంలా గలగలమన్నాకే నూనెలో వేసింది. జాడీని కూడా ఎండలో పెట్టి చెమ్మ లేకుండా తుడిచింది. అంతా బాగానే ఉంది. రంగు దిగింది, బూజు పట్టలేదు. కానీ వాసన చూస్తే చేమంతి వాసనే వచ్చింది, మరువం వాసనే వచ్చింది. అమ్మ వాసన రాలేదు. ఏదో ఒకటి తక్కువైంది. ఏ ఆకో, ఏ వేరో. అది తెలిసేదాకా పిల్లకి రాయకుండా ఆగింది.

పాత జాడీ చూపించి తెలిసినవాళ్ళని అడుగుదామని ఇన్నేళ్ళకి మొదటిసారి దాని మూత తీసింది.

ఆ వారం సుగంధాలమ్మే సెట్టి నూనె కొనడానికి వచ్చాడు. జాడీ ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్కక్షణం ఆగి, ఇలాంటి పరిమళం కోటలో కూడా లేదని, ఇందులో ఏదో దేవలోకపు వేరు పడిందని పొగిడాడు. గవరయ్య ఇంటితో చెడితే సెట్టికి మంచి నూనె ఎవరిస్తారు మరి.

పక్కింటి ముసలమ్మని అడిగింది. ఆవిడ వాసన చూసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, జలుబమ్మా నాకు, అయినా మీ అమ్మది కదా బాగానే ఉంటుంది అంది.

మొగుణ్ణి అడిగింది. గవరయ్య పుట్టిన దగ్గరనుంచి నూనెల మధ్య పెరిగినవాడు. జాడీ చూశాడు, వరాలు కళ్ళలోకి చూశాడు. "బాగుంది వరాలూ" అన్నాడు. అని గానుగ దగ్గరికి పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు.

ముగ్గురూ బాగుందన్నారు, ఒక్కరూ ఇందులో ఫలానాది ఉందని చెప్పలేదు. చివరికి వరాలుకి ఒక ఉపాయం తోచింది. పాలు తోడుకోవాలంటే పాత పెరుగు చుక్క వేస్తాం కదా. కొత్త నూనెకి అమ్మ నూనె తోడు వేస్తే ఆ వాసన దీన్లోకి కూడా పాకుతుంది అనుకుంది. పాత జాడీలోంచి ఒక చెంచాడు తీసి కొత్త జాడీలో పోసింది. మూతి కట్టి నీరెండలో పెట్టింది.

కొన్నాళ్ళాగి గుడ్డ విప్పింది. గుప్పున ముక్కిన వాసన కొట్టింది. నువ్వుల బస్తా తడిసి మాగితే ఎలా ఉంటుందో అలా.

ఆ జాడీలో అమ్మ నూనె ఉంది. చెంచాడే అయినా అమ్మదే. అది కూడా పాడైపోయింది. అటు చూస్తే పైడి వసారాలో కూర్చుని ఉంది. పొద్దున్న ఆ పిల్ల జాడీ చుట్టూ తిరగడం చూసింది కూడా.

"తడిచేతులు పెట్టావా ఇందులో?" అంది వరాలు.

పైడి తల అడ్డంగా ఊపింది.

"మరి ఎలా పాడైంది? అడిగితే ఇవ్వలేదని కసి తీర్చుకున్నావా? మా అమ్మది నాకు ఇంకేముందే?"

పైడి నోరు తెరిచింది. బుగ్గ చిట్లింది కాబోలు, అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

వరాలు ఆ పాడైన నూనె తీసుకెళ్ళి గానుగ పక్కన కుమ్మరించబోయింది. అప్పుడు మచ్చన్న ఆగిపోయాడు.

ఆ రోజుల్లో పశువులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, వినడానికి మనకే తీరిక లేదు.

"కోడలు పిల్లా, అక్కడ పొయ్యకు. నేను తిరిగే దారి అది, కాలు జారుతుంది" అన్నాడు మచ్చన్న. "అయినా ఆ పాపం పైడిది కాదు. ఆ పిల్ల రోజూ నీ జాడీ చుట్టూ ఎందుకు తిరుగుతుందో తెలుసా? ఎండ జరిగితే జాడీని ఎండలోకి జరుపుతోంది. నువ్వు వంటలో ఉండి మర్చిపోతావు కదా."

వరాలు చేతిలో జాడీ అలాగే ఉండిపోయింది. "మరి ఇది ఎలా ముక్కిపోయింది?" అంది.

"ముక్కినది పోశావు, ముక్కిపోయింది. పెరుగు తోడు వేస్తే పెరుగవుతుంది. ముక్కిన నూనె తోడు వేస్తే ఏమవుతుంది మరి."

"మచ్చన్నా, అది మా అమ్మ చేసినది."

"మీ అమ్మ చేసినప్పుడు మంచిదే. నూనెకీ ఒక ఆయుష్షు ఉంటుంది తల్లీ. సెట్టి చెప్పడు, వాడికి బేరం. ముసలమ్మ చెప్పదు, ఆవిడకి మొహమాటం. గవరయ్య చెప్పలేడు, నువ్వు ఏడిస్తే చూడలేడు. నాకు కళ్ళకి గంతలు కడతారు గాని ముక్కుకి కట్టరు కదా. నువ్వు పెట్టె తెరిచినప్పుడల్లా గానుగ దాకా వస్తుంది ఆ వాసన. రెండేళ్ళుగా ఓర్చుకుంటున్నాను."

వరాలు ఇంట్లోకి వెళ్ళి కావిడిపెట్టె తెరిచింది. అమ్మ జాడీ తీసి, ఇన్నాళ్ళూ చేయని పని చేసింది. ఆశతో కాకుండా వాసన చూసింది.

మచ్చన్న చెప్పినది నిజం. అందులో అమ్మ లేదు. ఎప్పుడు పోయిందో తెలియదు, అసలు లేదు. తను అన్నేళ్ళు గుండెకి ఆనించుకున్నది ఉత్త జాడీ. అమ్మ పోయినప్పుడు ఏడవలేకపోయిన ఏడుపు ఆ రోజు వచ్చింది.

ఏడ్చి ఏడ్చి ముఖం కడుక్కుంది. దీపాల వేళ అవుతోంది. మట్టి ప్రమిద ఒకటి తీసి, జాడీలో మిగిలిన నూనె ఆఖరి చుక్క దాకా అందులో వంచింది. ఒత్తి వేసి గుమ్మంలో వెలిగించింది. ముఖానికి పనికిరాని నూనె వెలుగుకి పనికొచ్చింది.

పైడి పెరట్లోంచి వచ్చి దూరంగా నిలబడింది. వరాలు పక్కన కాస్త చోటు చేసి, రమ్మని నేల తట్టింది. పిల్ల వచ్చి అంచున కూర్చుంది.

"నువ్వు కాదు, నేనే పాడుచేశాను" అంది వరాలు. "ఆ రోజు అబద్ధం కూడా చెప్పాను. అది ముఖానికి రాసేదే. మా అమ్మ వాసన పోతుందని నీకు ఇవ్వలేదు."

పైడి దీపం వైపు చూస్తూ ఉంది. కళ్ళు తిప్పకుండానే అంది, "పిన్నీ, అమ్మకి వాసన ఉంటుందా? మా అమ్మది నాకు గుర్తులేదు."

వరాలు ఆలోచించింది. తనకి పోగొట్టుకోవడానికైనా ఒక వాసన ఉంది. ఈ పిల్లకి అదీ లేదు. తాను దిక్కులేనిదాన్నని ఎన్నేళ్ళుగా అనుకుంటోందో, అన్నేళ్ళుగా అదే గుమ్మంలో ఇంకో దిక్కులేనిది తిరుగుతోంది. పిల్ల తల ఒళ్ళోకి లాక్కుంది. ప్రమిద ఆరేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మబ్బులగూడెం గురించి, గుమ్మంలోకొచ్చే మబ్బు గురించి, అమ్మ గురించి వరాలు మొదటిసారి ఇంకొకరికి చెప్పింది.

పుష్యమాసం వచ్చింది. మూడో జాడీ ఇద్దరూ కలిసి పెట్టాలనుకున్నారు. మంచు ఆరి, పొద్దెక్కాక పూలు కోశారు. రేకులు వలిచారు. గవరయ్య కడిగి ఎండబెట్టిన నువ్వులు ప్రత్యేకంగా ఆడించి, తేరిన నూనె పైపైన వంచి ఇచ్చాడు. మచ్చన్న ఆ రోజు మామూలు కంటే నెమ్మదిగా తిరిగాడు. గానుగ వేడెక్కకూడదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

అంతా కుదిరింది, ఎండ తప్ప. పొద్దున లేస్తే పొగమంచు, సాయంత్రమైతే పొగమంచు. మధ్యలో కాస్తంత నీరెండ. జాడీకి అది సరిపోతుంది గాని, వసారాలో చేటలో ఆరబోసిన రేకులకి మాత్రం చెమ్మే తగులుతోంది. ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. మళ్ళీ బూజే అనుకుని వరాలు బెంగపడింది. పిల్ల బుగ్గలు చూస్తే ఇంకో జాడీకి ఆగేలా లేవు.

ఒక పొద్దున్న వసారాలో చేట కనిపించలేదు. రేకులూ లేవు. ఇల్లంతా వెతికింది. చివరికి వంటింట్లోంచి పైడి గొంతు వినిపించింది, పైనుంచి. పొయ్యికి సరిగ్గా పైన ఉన్న అటక మీద, నిచ్చెన వేసుకుని ఎక్కి, ముందు చేట పెట్టుకుని కూర్చుంది.

"ఇక్కడ వెచ్చగా ఉంది పిన్నీ. చెమ్మ లేదు. రాత్రి నుంచి ఇక్కడే పెట్టాను" అంది. తిడతారేమోనని చేట రెండు చేతులా పట్టుకుంది.

పొగ కొడుతుందే పిచ్చిదానా అనబోయింది వరాలు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. రేకులు చేత్తో తీసి చూస్తే గలగలమంటున్నాయి. పొగ వాసన ఉంటే ఉండనీ, పిల్ల ముఖం బాగుపడితే చాలు, నాకు ఏ వాసన రాకపోయినా ఫరవాలేదు అనుకుంది. రేకులు ఎండేదాకా ఆ చేట అటక మీదే ఉంది. రోజూ పైడి ఎక్కి రేకులు తిరగేసేది, కింద వరాలు నిచ్చెన పట్టుకునేది.

తరవాత రేకులు, మరువం, పసుపు కొమ్ము జాడీలో వేసి, అవి మునిగేదాకా నూనె పోశారు. మూతికి పలచటి గుడ్డ కట్టారు. ఎండ ఎటు జరిగితే అటు పైడి జాడీని జరిపేది. ఇప్పుడు దాక్కుని జరపక్కర్లేదు. పొడి పుల్లతో వరాలు కలిపేది. పొద్దు వాలితే లోపల పెట్టేది.

నూనె రంగు తేనెలా తిరిగింది. ఒక సాయంత్రం, మెత్తటి పాత చీర ముక్క పరిచి వడగట్టారు. రేకుల్ని పిండలేదు, వాటంతట అవే కారేదాకా ఆగారు. గిన్నెలోకి చుక్క చుక్కగా దిగుతోంది. వరాలు వంగి గుడ్డ సర్దుతుంటే, ఆ వాసన తాకింది.

ఆమె అలాగే ఉండిపోయింది.

చేమంతి ఉంది, మరువం ఉంది, వాటి వెనక పలచగా, ఎక్కడో దూరాన పుల్లల పొయ్యి రాజుకున్నట్టు, కొంచెం పొగ. అదే. అచ్చంగా అదే. ఏ దేవలోకపు వేరూ కాదు, ఏ ఆకూ కాదు. మబ్బులగూడెంలో గుమ్మంలోకే మబ్బు వస్తే ఇంక రేకులు ఆరేంత ఎండ ఎక్కడిది? అమ్మ కూడా అటక మీదే ఆరబెట్టేది. ఆ నిచ్చెన, నిచ్చెన మీద అమ్మ పాదాలు, కింద ఆడుకుంటున్న తను, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలిచాయి. ఇన్నేళ్ళు పెట్టెకి తాళం వేసి వెతికింది, పిల్ల ఊరికే అటకెక్కి తెచ్చింది.

"పిన్నీ, ఏడుస్తున్నావా? పొగ వాసన వచ్చిందా? బాగోలేదా?" పైడి కంగారుపడింది.

"బాగుంది" అంది వరాలు. ఆ ఇంట్లో ఆ మాట ఈసారి నిజంగా అన్నారు.

మర్నాడు తెల్లవారగానే వరాలు పైడిని పీట మీద కూర్చోబెట్టింది. శనగపిండితో మెత్తగా ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే, నూనె ముందు చెవి వెనక చుక్క రాసి, మండటం లేదు కదా అని అడిగింది. మండలేదు. అప్పుడు రెండు బొట్లు అరచేతిలో వేసుకుని, అరచేతులు రుద్ది వెచ్చచేసి, బీటలు నొప్పెట్టకుండా ముక్కుకి, బుగ్గలకి, గడ్డానికి అద్దింది. కొండవైపు చూడలేదు. పిల్ల ముఖమే చూసింది.

పైడి ఆ చేతులు రెండూ పట్టుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. ఏమిటే అని అడిగితే, "గుర్తుపెట్టుకుంటున్నాను" అంది.

గానుగ దగ్గరనుంచి మచ్చన్న దగ్గాడు. అందరికీ అయిపోయిందా, చలికి పగిలిన ముక్కు ఇక్కడ కూడా ఒకటి ఉంది, మంచిదో చెడ్డదో చెప్పాల్సింది ఈ ముక్కే కదా అన్నాడు. పైడి వెళ్ళి ఆయన ముక్కుకి ఒక బొట్టు రాసింది. ఎద్దు ముక్కు జిడ్డుతో మెరిసిపోతుంటే దాన్ని చూసి, చాలా రోజుల తరవాత, పైడి నవ్వింది. బుగ్గ కొంచెం లాగింది కాబోలు, చేయి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆపలేదు.

వరాలు కొత్త జాడీకి మూత పెట్టింది. కావిడిపెట్టె వైపు వెళ్ళలేదు. వంటింటి గోడలో, పైడి చెయ్యి అందేంత ఎత్తులో ఉన్న గూట్లో పెట్టింది. ఇక పనిలేని పెట్టె తాళం చెవి తీసి మచ్చన్న మెడగంటకి కట్టేసింది. ఆ తరవాత చేట పట్టుకుని, వచ్చే జాడీకి పూలు కొయ్యడానికి పెరట్లోకి వెళ్ళింది. పైడి నిచ్చెన తీసి సిద్ధంగా ఉంచింది.

కాబట్టి పిల్లలూ, పోయినవాళ్ళ గుర్తుని పెట్టెలో దాచుకుంటే ముక్కిపోతుంది. వాళ్ళు మనకి చేసినది మనం ఇంకొకరికి చేస్తే, అది ఏటేటా కొత్తగా పూస్తుంది.